శనివారం అరటిపండు

ఉయ్యాల ఊపుతూ పాడుతున్న నా ఐదేళ్ల కూతురి గొంతు ఉన్నట్టుండి ఆగిపోయింది. వంటింట్లోంచి పరుగెత్తాను. నాలుగు నెలల బాబు పడుకున్న ఉయ్యాల పక్కనే ఓ పెద్ద కోతి! దాని పొట్టను దాని పిల్ల కరుచుకుని ఉంది.

రెండేళ్ల కిందట, తెనాలిలో మా అద్దె ఇంట్లో జరిగింది ఇది. అప్పటికే మా వీధి నిండా కోతులే. నేను చీపురు ఎత్తగానే అది పళ్లికిలించి ఉయ్యాల తాడు పట్టుకుంది.

"చీపురు దించమ్మాయ్! పిల్లతల్లి అది, బెదిరిస్తే మీద పడుద్ది," అన్నారు వెనక నుంచి అత్తయ్య. "ఇవాళ శనివారం. పండు పెట్టావా?"

అప్పుడు గుర్తొచ్చింది. బాబు కడుపున పడ్డప్పుడు ఆంజనేయస్వామికి మొక్కుకుని, ప్రతి శనివారం వరండా గోడమీద అరటిపండ్లు పెడుతున్నాను. ఆ రోజు మరిచిపోయాను. అత్తయ్య రెండు పండ్లు గోడమీద పెట్టగానే కోతి తాడు వదిలి, పిల్లతో సహా మెల్లగా బయటికి నడిచింది. తలుపేసి, పిల్లలిద్దర్నీ హత్తుకుని ఏడ్చేశాను.

మర్నాడు పొద్దున పాప, "అది చెడ్డ కోతి కదమ్మా?" అంది.

"కాదమ్మా. వారం వారం పిలిచింది నేనే. ఇకనుంచి పండ్లు గుళ్లోనే ఇద్దాం. పిలిచి, తీరా వచ్చాక చీపురెత్తితే ఎవరికైనా కోపం రాదూ?" అన్నాను.