జర చెప్పుండ్రి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో నాకొక బ్లాగుండేది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్ల గురించి రాసేదాన్ని. చదివేది ఎక్కువగా హాస్టల్ పిల్లలే. 'కొని తిన్నదాని గురించే రాస్తాను' అని పైన పెద్ద అక్షరాలతో పెట్టుకున్నాను. ఒక బేకరీ వాళ్లు కేకు పంపితే వెనక్కి పంపేసి, ఆ గొప్ప నెలరోజులు చెప్పుకున్నాను.

కొత్తపేటలో మా సందు మొదట్లో ఒకామె కర్రీ పాయింట్ నడిపేది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం. ఆదివారాలు ఆమె కోడికూర కోసం జనం వరస కట్టేవాళ్లు. బంద్‌ల మీద బంద్‌లు వచ్చి, కోచింగ్ సెంటర్లు మూతపడి, పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయాక ఆ వరస పోయింది. ఒకరోజు నేను పప్పు కొంటుంటే కోడికూర ప్యాకెట్ ఒకటి నా సంచిలో పెట్టింది. పర్సు తీయబోతే చేయి అడ్డం పెట్టింది.

"జర తిని చెప్పుండ్రి అక్కా," అంది.

నా బ్లాగు సంగతి ఎవరో చెప్పి ఉంటారు, నలుగురికీ చెప్పమంటోంది అనుకున్నాను. మాది గుంటూరు వైపు. ఆ రోజుల్లో ఇరుగుపొరుగు కూడా ఆచితూచి మాట్లాడుకునేవాళ్లం. అలాంటప్పుడు ఆమె తనంతట తాను ఇచ్చిన కూరను వద్దనడానికి నోరు రాలేదు. ఇంటికెళ్లి తింటే ఉప్పుకషాయం. అయినా తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం ఎందుకని, అద్భుతంగా ఉందని రాసేశాను. ఊరికే ఇచ్చిందన్న మాట రాయలేదు. పైగా ఏదో పుణ్యం చేసినట్టు మురిసిపోయాను.

హాస్టల్లో మిగిలిన కొద్దిమందీ అది చదివి వెళ్లి కొన్నారు. ఒకమ్మాయి సగం కూర వెనక్కి తెచ్చి, ఇంత ఉప్పు ఎట్లా తినాలని ఆమెను అందరి ముందూ అడిగిందట. తర్వాత వాళ్లూ రావడం మానేశారు.

ఆ వారం నేను వెళ్తే ఆమె పోట్లాడలేదు. ఖాళీగా ఉన్న బల్ల తుడుస్తూ, "మీరు తిన్ననాడు గూడ గట్లనే ఉండెనా?" అంది.

అవునని ఒప్పుకున్నాను.

"తెలంగాణ వచ్చేదాక ముక్క ముట్టనని మొక్కుకున్న అక్కా. పులుసు గూడ నాలిక మీద ఏస్కోను. మా ఆయన రుచి జూసి చెప్తుండె, ఆయన ఊరికి పోయిండు. మీరైతే ఉన్నదున్నట్టు చెప్తరని ఇచ్చిన."

చెప్పమన్నది తనకు. నేను ఊరంతటికీ చెప్పాను, అదీ అబద్ధం. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. బేకరీ వాళ్లిస్తే లంచమనిపించింది, ఈమె ఇస్తే ప్రేమ అనిపించింది. నిజమే, ప్రేమే. కానీ జాలిపడి నేను దాచిన ఆ ఒక్క మాటే ఆమెకు కావలసింది.

ఆమెను అడిగి, ఆ సాయంత్రమే అంతా మళ్లీ రాశాను. కూర ఊరికే వచ్చిందనీ, ఉప్పు ఎక్కువైందనీ, నేను అబద్ధమాడాననీ, ఆమె మొక్కు సంగతీ. మర్నాటి నుంచి ఆమె భర్త తిరిగొచ్చేదాకా రోజూ పొద్దున్నే వెళ్లి ఒక చెంచా రుచి చూసి, ఉప్పు చాలనో కారం తగ్గించమనో చెప్పేదాన్ని. ఇంటికి తెచ్చుకునేది మాత్రం కొనుక్కునేదాన్ని. పిల్లలు ఒక్కొక్కరే మళ్లీ రావడం మొదలుపెట్టారు.

రాష్ట్రం వచ్చిన రోజు మా సందంతా టపాకాయలు. బయటికి రావాలా వద్దా అని నేను గుమ్మంలోనే తచ్చాడుతుంటే ఆమె కోడికూర గిన్నె పట్టుకుని వచ్చింది. ఒక ముక్క నా చేతిలో పెట్టి, ఒకటి తన నోట్లో వేసుకుంది. అలవాటు కొద్దీ నేనేదో అనబోయాను.

"ఇయ్యాల చెప్పకు అక్కా. తిను," అంది.

గుమ్మంలో నిలబడే తిన్నాం. ఉప్పు కాస్త తక్కువైంది. ఆ సంగతి ఈసారి ఆమెకూ తెలుసు.