బల్లి మీద వేసిన నేరం

మా బాబాయిని సొంత బావమరిదే పనిలోంచి తీసేశాడు. కారణం ఒక బల్లి. ఆ బల్లి అసలు పుట్టనే లేదు.

బావమరిది కొట్టు తరఫున బాబాయి ఇళ్లకు దొంగల అలారాలు బిగించేవాడు. తలుపుకు అయస్కాంతం, గుమ్మానికి స్విచ్చి. రెండూ విడిపోతే గోడమీది పెట్టెకు కబురు అందుతుంది, సైరన్ మోగుతుంది. గది మూలన ఉండే సెన్సర్ కదిలే వేడిని పసిగడుతుంది. ఆ వేడి దొంగదా దొరదా అని చూడదు. నాకు తెలిసి అంత నిష్పక్షపాతంగా ఉండేది లోకంలో అదొక్కటే.

పని ముగిశాక బాబాయి తానే దొంగై ఇల్లంతా పాకి పరీక్షించేవాడు. ఒక ఇంట్లో రిటైరైన మాస్టారు ఆ పాకుడు ముచ్చటగా చూసి, "మోగకుండా వెళ్లే దారే లేదా?" అని అడిగాడు.

"ఒంటి వేడి తెలియకుండా తడి దుప్పటి కప్పుకోవాలండీ!" అని బాబాయి నవ్వాడు.

మాస్టారికి లావు తగ్గాలని భార్య పథ్యం పెట్టింది. రోజూ మధ్యాహ్నం ఆయన పడుకున్నాక వంటింటి సెన్సర్ వేసి, పక్కింటికి వెళ్లేది. రోజూ సైరన్ మోగేది, కొట్టుకు ఫిర్యాదు వచ్చేది.

"ఈసారీ సరిచేయకపోతే ఇంట్లో కూర్చో, బావా" అన్నాడు బావమరిది.

బాబాయి ఆవిడకు చెప్పి, వంటింట్లో బీరువా పక్కన బిగుసుకుని కూర్చున్నాడు. కదలని మనిషి సెన్సర్‌కు బీరువాతో సమానం. కాసేపటికి పడకగదిలోంచి నీళ్లోడుతూ ఒక దుప్పటి పాక్కుంటూ వచ్చింది. ఫ్రిజ్ దగ్గర జారింది. సైరన్ గగ్గోలు పెట్టింది.

"మాస్టారూ, మీరా!"

"తడి దుప్పటన్నది నువ్వే కదయ్యా!"

"సరదాకన్నానండీ!"

"నాకు సరదా కాదు, కేకు! మా ఆవిడకు చెప్పావో, ఆ కేకు వాసన కూడా దక్కదు!"

మాస్టారు గదిలోకి దూరగానే భార్య పరుగున వచ్చింది. నిజం చెబితే బాబాయి ఉద్యోగం నిలబడుతుంది.

"బల్లండీ. సెన్సర్ మీద పాకింది."

"మరి నేలంతా ఈ తడేంటి?"

"నా చెమటండీ."

"బల్లి ఎక్కేచోట బిగించింది నువ్వే కదా. ఇక దయచెయ్, బావా" అన్నాడు సాయంత్రం కొట్టులో బావమరిది.

కిందటి నెల వెళ్తే బాబాయి వీధి మలుపులో ఫ్యాన్లు బాగుచేస్తున్నాడు.

"ఇప్పుడైనా నిజం చెప్పి పనిలో చేరొచ్చుగా?" అని గట్టిగానే అడిగాను.

"ఒరేయ్, బతుకంతా దొంగల్ని ఆపడానికే పనిచేశాను. నా మాట నమ్మి తడిసినవాడు ఆయనొక్కడే. ఎలా పట్టిస్తానురా?"