ఖాళీగా వదలవలసిన దెబ్బ

సింగపూరు టాంపినీస్‌లో మా బ్లాకు ఏడో అంతస్తులో కాపురముంటున్న కృష్ణయ్యను తెలుగువారు మద్దెల కృష్ణయ్య అంటారు; కింద నడకకు వచ్చే చైనీస్ ముసలమ్మలు చాచా అంకుల్ అంటారు. రెండు పేర్లూ ఒకే జత చేతులకు వచ్చినవి. ఆ రెండింటినీ ఆయన ఒకే వారంలో పోగొట్టుకున్నాడు.

ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయాలోని పెరాక్ రబ్బరు తోటలకు చేరినవాడు. తండ్రి ఆ తోటలు విడిచి సింగపూరు రేవులో బరువులెత్తినవాడు. ఆ వంశంలో తరం నుంచి తరానికి ఆస్తి అనదగినదేదీ సంక్రమించలేదు; శనివారపు రామభజన మాత్రం సంక్రమించింది. తండ్రి కొడుకు వేళ్లను మద్దెల మీద పెట్టి నేర్పిన పాఠం ఒక్కటే.

"పాట ఎటు తిరిగినా సమం కాడికి రావాలిరా. సమమంటే సామి పాదం. అక్కడ దెబ్బ పడలేదంటే దండం ఎట్టనట్టే."

తాళపు ఆవృత్తంలో మొదటి మాత్రను సమమని వ్యవహరిస్తాము. సాధారణంగా పాటా వాద్యమూ అక్కడ కలుసుకుంటాయి. శాస్త్రం అంతవరకే చెబుతుంది. ఆ రేవు కూలీ దానిని అర్చనగా మలచి కొడుకు అరచేతిలో పెట్టాడు.

స్పెయిను పతాకం ఈ ద్వీపం మీద ఏనాడూ ఎగరలేదు. అయినా కృష్ణయ్య పడుచుతనంలో ఈ నగరపు సాయంకాలాలకు నడక నేర్పినది స్పానిష్ మాట్లాడే దేశాల సంగీతమే. మూడు శతాబ్దాలకు పైగా స్పెయిను ఏలిన ఫిలిప్పీన్స్ నుంచి వాద్యగాళ్లు వచ్చి హోటళ్లలో, క్లబ్బుల్లో చాచా, రుంబా, బొలేరో అనే నాట్యపు వరుసలు వాయించారు. చైనీస్ పెళ్లివిందులో చాచా, మలయ్ పాటలో చాచా, ఆఫీసు వార్షికోత్సవంలోనూ చాచాయే. ఈనాటికీ బ్లాకుల కింద స్పీకరు పెట్టుకొని వరుసలు కట్టి అడుగులు వేసే ఆంటీలకు అది సముద్రాల అవతలిదన్న స్పృహే లేదు. అన్నంలో సాంబల్ కారం కలుపుకున్నంత సహజంగా దానిని తమది చేసుకున్నారు. చేసుకునే క్రమంలో కొంత వంకర కూడా చేశారు. ఆ వంకరలో కృష్ణయ్య భాగం చిన్నది కాదు.

పగలు తువాస్‌లో ఓడల మరమ్మతు యార్డులో రంగుల గిడ్డంగి చూసుకునేవాడు. సాయంత్రం బెన్నీ అనే మనీలా గిటారు వాద్యగాడి బృందంలో కాంగా వాయించేవాడు. కాంగా అంటే పీపాలా నిలువుగా నిలబడే క్యూబా మద్దెల. దాని మీద కూడా ఆయన చేయి తండ్రి మాటే విన్నది. ఆవృత్తం తిరిగి వచ్చినప్పుడల్లా మొదటి మాత్ర మీద గట్టి దెబ్బ. బెన్నీ దానిని ఎన్నడూ దిద్దలేదు.

"నీ దెబ్బ వినబడితే గాని ఈ పెళ్లికొడుకులకు కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు కృష్ణా! కొట్టు, కొట్టు!" అని నవ్వేవాడు.

ఉద్యోగ విరమణ తరువాత నది ఒడ్డున ఒక స్పానిష్ భోజనశాలలో శుక్రవారపు సాయంత్రాలు ఆ బృందానికి స్థిరపడ్డాయి. శుక్రవారం కాంగా, శనివారం మద్దెల. మిగిలిన అయిదు రోజులూ ఆ రెండు రోజులను ఆనుకొని నిలబడేవి.

నిరుడు బెన్నీ మోకాళ్ల బాధతో మనీలా వెళ్లిపోయాడు. ఆ స్థానంలోకి కొలంబియా నుంచి వచ్చిన మారిసోల్ అనే పియానో విదుషీమణిని తీసుకున్నారు. మాట మెత్తన, చెవి కఠినం. ఆ సరికి ప్రేక్షకులూ మారారు. వారాంతాల్లో శిక్షణ పొంది, హవానా దాకా వెళ్లి వచ్చి, సాల్సా నాట్యపు అడుగులను వ్యాకరణయుక్తంగా వేసే పడుచువాళ్లు వారు. మొదటి సాధనలోనే మారిసోల్ పియానో ఆపింది.

"అంకుల్, మొదటి మాత్ర మీద కొట్టకండి."

"మరి అక్కడ ఏమి చేయమంటావమ్మా?"

"ఏమీ వద్దు. అరచేయి ఊరికే ఆనించండి. ఆ చోటు ఖాళీగా ఉండాలి. ఆడేవాళ్లకు అది తెరిచి ఉంచిన తలుపు. మీరు ప్రతిసారీ దానిని మూసేస్తున్నారు."

"నేను ఇన్నేళ్లూ ఇలాగే వాయించాను."

"తెలుసు. ఇన్నేళ్లూ మీకెవరూ చెప్పలేదు. అది వాళ్ల తప్పు."

ఆమె మాటలో అహంకారం లేదు. నెలాఖరు శుక్రవారం వరకు చూద్దామన్నది. అప్పటికీ కుదరకపోతే మరొకరిని పిలవక తప్పదని కూడా దాచకుండా చెప్పింది.

కృష్ణయ్య తన భార్య సుధామణిని ఎదురుగా కూర్చోబెట్టుకొని భోజనాల బల్ల మీద సాధన మొదలుపెట్టాడు. ఆమె చప్పట్లతో మాత్రలు లెక్కపెట్టాలి. ఒకటి అనగానే ఆయన చేయి ఆగాలి.

"కొట్టడం నేర్సుకున్నోల్ని సూసాను గానీ, కొట్టకపోడం నేర్సుకునేవోడ్ని నిన్నే సూత్తన్నానయ్యా" అన్నది ఆమె.

"ఏలాకోలం ఆపి నా సెయ్యి పట్టుకోయే. ఒకటి అనగానే గట్టిగా పట్టుకో."

"పెళ్లినాడు పట్టుకున్నదే వదిలించుకోలేక సత్తన్నాను. మళ్లీనా?"

పట్టుకున్నది. తరువాత మణికట్టుకు తడి తువ్వాలు చుట్టి బరువు తెలిసేలా చేసింది. చిన్ననాటి నుంచి దండం పెట్టిన చోట దండం పెట్టకుండా దాటిపోవడం ఆ చేతికి నేర్పుతున్నారు ఇద్దరూ. ఒకనాడు ఆ చేయి ఎవరూ పట్టుకోకుండానే ఆగింది. ఆ క్షణంలో తన భర్త ముఖంలో సంతోషం కనబడలేదని సుధామణి తరువాత మా ఇంట్లో చెప్పింది.

నెలాఖరు శుక్రవారం నాడు ఆమె కూడా వెళ్లి ఒక మూల బల్ల దగ్గర కూర్చున్నది. మొదటి పాటలు నిర్దోషంగా సాగాయి. మారిసోల్ పియానో మీద నుంచి తల ఎత్తి ఆయనను చూసి నవ్వింది కూడా. పాట ఉద్ధృతి పెరిగింది. గాయకుడు పల్లవిని పదే పదే అందుకుంటున్నాడు, బాకాలు మోగుతున్నాయి, భజనలో నామం తారస్థాయికి చేరినప్పటి ఊపు వంటిదే ఆ చోటంతా నిండింది. అక్కడ కృష్ణయ్య తనను తాను మరచాడు. దెబ్బ సమం మీద పడింది. ఇంకొకటి పడింది. ఆడుతున్న జంట ఒకటి తడబడి ఆగిపోయింది. ఆ అమ్మాయి కాంగా వైపు తిరిగి చూసి నవ్వింది.

పాటల విరామంలో మారిసోల్ వచ్చి ఆయన పక్కన కూర్చున్నది.

"అంకుల్, మీరు చాలా కష్టపడ్డారు. ఇక చాలు."

"ఇంకొక్క వారం?"

"మీరు మా నాన్న వయసువారు. మీకు ఆశ పెట్టి తిప్పించుకోలేను."

ఆయన కాంగాను గోడకు ఆనించి, దాని ముఖం మీద గుడ్డ కప్పి, భార్యతో రైలెక్కాడు.

మరునాడు బిషాన్‌లో వీరభద్రరావు గారి ఫ్లాటులో భజన. ఆయన బ్యాంకు అధికారి, గోదావరి వైపు వారు. పౌరోహిత్యం చేసేవాణ్ని గనుక నేనూ ఉన్నాను. కృష్ణయ్య మద్దెలకు మొక్కి ఒడిలోకి తీసుకున్నాడు. నదీతీరంలో పోయినది ఇక్కడ పోదని ఆయనకు ధైర్యం. నామం ఎత్తుకున్నాము. ఆవృత్తం తిరిగి సమానికి వచ్చింది. అక్కడ ఏమీ వినబడలేదు. ఆయన అరచేయి తోలు మీద మెత్తగా ఆని ఉన్నది.

రెండో ఆవృత్తం కూడా అంతే. పాడేవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"కృష్ణయ్య గారూ, ఒంట్లో బాగుందా అండీ? సమం దగ్గర దెబ్బ పడటం లేదు" అన్నారు వీరభద్రరావు గారు.

"అంకుల్ లాటిన్ రీమిక్స్ కొడుతున్నారు లెండి!" అన్నాడు ఆయన కొడుకు శశికాంత్. అందరమూ నవ్వాము. కృష్ణయ్య కూడా నవ్వాడు. నవ్వుతూనే మళ్లీ ఎత్తుకున్నాడు. ఈసారి కావాలని కొట్టాడు గనుక దెబ్బ ఆలస్యంగా పడింది; దానిని దిద్దబోతే ముందుగా పడింది. నామం చెదిరిపోయింది. వీరభద్రరావు గారు నొచ్చుకుంటూనే ఫోను తీసి, తాళం వేసే యంత్రపు ధ్వనిని పెట్టారు. "ఈ పూటకి దీనితో కానిద్దాం" అన్నారు. భజన దానితోనే పూర్తయింది. కృష్ణయ్య మద్దెల ఒడిలో పెట్టుకొని చివరి హారతి దాకా కదలకుండా కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైలులో సుధామణి కోపం ఆపుకోలేకపోయింది. "రెంటికీ సెడ్డ రేవడివయ్యావు కదయ్యా!" అని, అనగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

తరువాత నెలల తరబడి ప్రయత్నించాడు. తువ్వాలు లేదు, చప్పట్లు లేవు. ఒంటరిగా తండ్రి పాఠం మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆలోచిస్తే దెబ్బ పడుతుంది, ఆలోచించకపోతే చేయి ఆగుతుంది. ఆలోచిస్తూ వాయించేది వాద్యం కాదని ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు.

మొన్న ఉదయం బ్లాకు కింద రాతి బల్ల దగ్గర ఎదురుపడి అడిగాడు.

"పంతులు గారూ, దీనికి మీ పొత్తకాల్లో పరిహారం ఏటైనా ఉందాండీ?"

మంత్రం లోపించినా, క్రియ లోపించినా, భక్తి లోపించినా క్షమించమని వేడుకునే విధానాలున్నాయి. అవన్నీ చెప్పాను. భగవంతుడు భావగ్రాహి అనీ, పడని దెబ్బను కూడా పడినట్టే స్వీకరిస్తాడనీ చెప్పాను.

ఆయన శ్రద్ధగా విన్నాడు.

"సామి ఒగ్గేత్తాడు లెండి. ఆ బెంగ నాకు నేదు. సమం వచ్చినప్పుడు నా సేతికి తెలవాల కదండీ. తెలవడం నేదు."

ఆయన మద్దెలను గుడికి ఇచ్చివేయాలనుకుంటున్నట్లు చెప్పి, ఎవరితో మాట్లాడాలో నన్ను కనుక్కోమన్నాడు. కనుక్కుంటానన్నాను.