బొచ్చు రాలే కాలం

మా ఇంటికి వచ్చేనాటికి ఆ కుక్కకు మూడేళ్లు. మంచు దేశాల్లో బండ్లు లాగే జాతి. తెల్లని మెడ, బూడిదరంగు వీపు, లేత నీలం కళ్లు. నేను అనంతపురంలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. అక్కడి లెక్చరర్ ఒకాయన పిల్లల పోరు పడలేక బెంగళూరు నుంచి దాన్ని తెచ్చుకున్నారు. తర్వాత ఆయనకు బదిలీ అయింది. కొత్త ఊళ్లో దొరికింది మూడో అంతస్తులో అద్దె ఇల్లు, కుక్క ఉంటే ఇచ్చేది లేదన్నారట. "మీది సొంత ఇల్లు కదా మేడమ్, పెరడు కూడా ఉంది" అని నా బల్ల ముందు కూర్చుని అడిగారు.

నేను ఒప్పుకున్నది మా నాయన కోసం. నాయన కుందుర్పి పక్క పల్లెలో బతుకంతా గొర్రెలు కాసిన మనిషి. అమ్మ పోయాక ఆయనకు ఊపిరి అందడం తగ్గింది. మందను అమ్మేసి బుక్కరాయసముద్రంలో నా దగ్గరికి వచ్చేశాడు. నాకు పెళ్లీ పిల్లలూ లేరు. నేను పొద్దున బస్సెక్కితే మళ్లీ సాయంత్రమే. అంతసేపూ ఆయన మెట్ల మీద కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని గేటు వైపు చూసేవాడు. ఒక ప్రాణి తోడుంటే మాట్లాడుకుంటాడు అనుకున్నాను.

కుక్కను దించిన రోజు నాయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు, సంతలో పొట్టేలును చూసినట్టు. మెడ దగ్గర బొచ్చును రెండు వేళ్లతో పాయ తీసి చూశాడు.

"ఇది కుక్కనా పాపా, గొర్రెనా? లోపలంతా ఉన్ని ఉండాది సూడు" అన్నాడు.

నిజమే. పైన పొడుగాటి బొచ్చు, కింద దూది లాంటి ఉన్ని. దానికో పేరు ఉండేది గానీ నాయన ఎప్పుడూ ఆ పేరుతో పిలవలేదు. "ఏమప్పా, తిన్యావా?" "ఏమప్పా, ఈడ పండుకుందామా?" అని తన ఈడు మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. అదీ ఆయన వెనకే నడిచేది, ఆయన ఆయాసానికి ఆగితే తానూ ఆగేది.

శివరాత్రి దాటాక బొచ్చు రాలడం మొదలైంది. వెంట్రుక వెంట్రుకగా కాదు, కుచ్చులు కుచ్చులుగా. ఫ్యాను వేస్తే మంచం కింది నుంచి ఉండలు దొర్లుకుంటూ గడప దాకా వచ్చేవి. సంగటి ముద్దలో, నీళ్ల బిందె మూత మీద, నేను కాలేజీకి కట్టుకుపోయే చీర కుచ్చిళ్లలో, అన్నిచోట్లా అదే. ఆ నెలలోనే నాయన దగ్గు పెరిగింది. అనంతపురంలో ఛాతీ డాక్టర్‌కు చూపించాను. ఇంట్లో కుక్కా పిల్లీ ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయన "కుక్క ఉండాది సార్" అన్నాడు. ఎవరికైనా ఇచ్చేయండి, లేదంటే బొచ్చు ఇంట్లో లేకుండా చూసుకోండి అన్నాడు డాక్టర్.

తిరుగు బస్సులో నాయన చాలాసేపు కిటికీలోంచి చూశాడు. బుక్కరాయసముద్రం చెరువు కనిపించాక అడిగాడు, "దాన్ని పంపిస్తావా పాపా?"

"లేదులే నాయనా. బొచ్చు సంగతి నేను చూసుకుంటా."

ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏడాది పైన తంటాలు పడ్డాను.

మొదట కొన్న బ్రష్ పై బొచ్చును మాత్రమే నిమిరేది, లోపలి ఉన్ని కదిలేది కాదు. తర్వాత సన్నని ఇనుప పళ్లున్నది తెచ్చి, కసి కొద్దీ అదిమి దువ్వాను. పొట్ట దగ్గర చర్మం గీసుకుపోయి ఎర్రబడింది. దాన్ని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు అక్కడి డాక్టర్ బ్రష్ తన చేతిలోకి తీసుకుని నేర్పించాడు. ఎడమచేత్తో బొచ్చును పైకెత్తి పట్టుకోవాలి. కింద కనపడే గీత వెంబడి కొంచెం కొంచెంగా, మొదలు నుంచి చివరికి, తేలిక చేత్తో దువ్వాలి. లోపలి ఉన్నికి పొడుగు పళ్లు ఎడం ఎడంగా ఉన్న రేకు దువ్వెన వేరే ఉంటుంది, అది రెండు రోజులకొకసారి చాలు. స్నానానికి ముందే దువ్వాలి, తడిస్తే ఉన్ని ఉండలు కట్టి చిక్కు పడుతుంది.

"గొరిగించొద్దు మేడమ్. వేసవిలో పాపమని చాలామంది గొరిగిస్తారు. ఆ పై బొచ్చే దానికి గొడుగు. తీసేస్తే ఎండ నేరుగా చర్మం మీదే. మళ్లీ సరిగ్గా మొలుస్తుందని నమ్మకం కూడా లేదు" అన్నాడు.

ఇవన్నీ తలకెక్కించుకుని ఇంటికి వచ్చాను. నాయనకు చెప్పలేదు. దాచాలని కాదు. దువ్వేది నేను కదా, ఆయనకెందుకు అనుకున్నాను.

తెల్లారగానే పెరట్లో పాత దుప్పటి పరిచి, దాన్ని పడుకోబెట్టి దువ్వేదాన్ని. మా వైపు గాలి సంగతి తెలిసిందే, తీసిన కుచ్చు చేతిలోంచే ఎగిరిపోయేది. పక్కింటి ఆమె గోడ మీదుగా తొంగిచూసి, "ఏమక్కా, మా వడియాల మీదంతా మీ కుక్క బొచ్చే ఉండాది. ఎట్ల తినేది?" అంది. ఆ రోజు నుంచి తీగ మీద తడి దుప్పటి అడ్డం కట్టి దాని చాటున దువ్వాను. కుళాయి నీళ్లు మూడు రోజులకొకసారి. అందులోనే దాని స్నానం, మా వంట. గంట దువ్వితే సంచి నిండేది. మర్నాటికి మళ్లీ మొదటికే. చలికాలమంటూ సరిగ్గా లేని ఊళ్లో దాని ఒంటికి ఏ కాలమో తెలిసేది కాదనుకుంటాను. ఏడాది పొడుగునా రాలేది.

రెండో ఏడు శివరాత్రికి నా మణికట్టు వాచిపోయింది. మెట్ల మీద కూర్చుని చూస్తున్న నాయన ఒకరోజు అన్నాడు, "కత్తెర తీస్తే గంటలో అయిపోతాది పాపా. ఇన్ని తంటాలెందుకు?"

"నీకు తెలీదులే నాయనా. ఇది గొర్రె కాదు" అని బ్రష్ పడేసి బస్సుకు పరిగెత్తాను.

యాభై ఏళ్లు ఒక్క గాటు పడకుండా ఉన్ని కత్తిరించిన మనిషితో, ఉన్ని విషయంలో, నీకు తెలీదు అన్నాను. గొరిగితే ఎండకు చర్మం కాలుతుందట అని ఇంకొక్క మాట చెప్పడానికి ఎంతసేపు పట్టేది? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

మార్చి చివర్లో ఒక పొద్దున నాయనకు ఆవిరి మందు పట్టడానికి మాస్కు తీశాను. దాని లోపలి అంచున తెల్ల వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. కడిగాను. ఆరబెట్టేలోపు మళ్లీ రెండు. మాస్కు చేతిలో పట్టుకుని వంటింట్లో నేల మీద కూలబడి ఏడ్చేశాను. "ఈ బొచ్చుతో నేను సచ్చిపోతాండా. ఎంత తీసినా తీరదు" అన్నాను. నాయన పక్క గదిలోనే ఉన్నాడు.

ఆ సాయంత్రం గేటు తీసేసరికి ఎదురొచ్చిన దాన్ని నేను గుర్తుపట్టలేదు. తల, తోక మాత్రమే పాతవి. మధ్యలో సన్నటి ఒళ్లు, గులాబీ రంగు చర్మం. దాని మీద కత్తెర నడిచిన చాళ్లు, నాగలి చాళ్లంత తిన్నగా. ఎక్కడా చిన్న గాటు లేదు. మెట్ల మీద నాయన ఆయాసపడుతూ కూర్చున్నాడు. పక్కన నిండా కుక్కిన గోనెసంచి. ఆ ముఖంలో అంత సంతోషం అమ్మ పోయాక నేను చూడలేదు.

"అయిపాయ పాపా. ఇంగ నీకు పని లేదు. కాళ్లు కట్టే పని గూడా ల్యాకపాయ, ఎంత బుద్ధిగా పండుకున్యాదో."

"ఎవరు చెయ్యమన్నారు నాయనా నిన్ను?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అప్పుడు చెప్పాను, పశువుల డాక్టర్ చెప్పిందంతా. ఆయన తల వంచుకుని విన్నాడు. కుక్క వచ్చి ఆయన మోకాలి మీద తల పెట్టింది.

"ఆ మాట ముందే సెప్పింటే సరిపోయేది కదా పాపా" అన్నాడు. కోపంగా కాదు.

బొచ్చు మళ్లీ వస్తుందేమో చూద్దాం, ఎండలోకి మాత్రం వదలొద్దు అన్నాడు పశువుల డాక్టర్. పక్కల మీద దూది దూదిగా కొంచెం మొలిచింది. వీపు మీద ఏమీ రాలేదు. ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం తలుపు తీసి ఉంటే కాసేపు పెరట్లోకి పోయింది. ఆ కాసేపటికే వీపు కంది బొబ్బలెక్కింది. పాత నూలు చీర చించి దానికి తొడుగు కుట్టాను. నాయన రోజంతా దాని పక్కనే కూర్చుని ఆ తొడుగును తడిపేవాడు. "గొర్రెకైతే ఆర్నెల్లకు మల్లా వచ్చేది" అని తనలో తాను అనుకునేవాడు. నేను వింటున్నానని ఆయనకు తెలుసు.

బ్రష్షులతో ఇక పని లేదు. ఇల్లు ఊడిస్తే చేటలోకి దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు. నాయన దగ్గు మాత్రం తగ్గలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుస్తూనే ఉంది.

మే నెలలో ఒకరోజు పొద్దున్నే కరెంటు పోయింది. మధ్యాహ్నం లైబ్రరీలో ఉండగా నాయన ఫోన్ చేశాడు.

"పాపా, ఇది లేస్తాలేదు."

"నీళ్లు పోయి నాయనా. నేను వస్తాండా."

ఆటో పట్టుకుని ఇల్లు చేరేసరికి అరగంట దాటింది. ముందుగదిలో ఎవరూ లేరు. నేలంతా తడి. గేటు దాకా నడవాలంటే మధ్యలో ఒకసారి ఆగే మనిషి, అంత పెద్ద కుక్కను గోనెపట్ట మీద వేసుకుని స్నానాలగది దాకా లాగాడు. డ్రమ్ములో పట్టి ఉంచిన మూడు రోజుల నీళ్లూ చెంబుతో ముంచి దాని మీద పోశాడు. డ్రమ్ము ఖాళీ అయింది. ఇద్దరూ ఆ తడి నేల మీద పక్కపక్కన పడి ఉన్నారు. కుక్క నాలుక బయటికి వేలాడుతోంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాయన పెదవులు నల్లబడ్డాయి. ముందు ఎవరిని లేపాలో నాకు తెలియలేదు.

"నన్నిడ్సిపెట్టు. దాన్ని తీస్కపో" అన్నాడు.

ఆయనను గోడకు ఆనించి కూర్చోబెట్టి, మందు పీల్చేది చేతికిచ్చాను. పక్కింటి ఆమెను పిలిచి ఆయన దగ్గర ఉంచాను. ఆటో అతను కుక్కను ఎత్తడానికి సాయం పట్టాడు. దాని తల నా ఒళ్లో పెట్టుకున్నాను. చెరువు కట్ట దాటాక గురక లాంటి ఆ ఊపిరి ఆగిపోయింది. అతను వెనక్కి తిరిగి చూసి బండి వేగం తగ్గించాడు. అయినా ఆసుపత్రికే పొమ్మన్నాను. డాక్టర్ ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"బొచ్చు ఉండింటే బతికేదా సార్?" అని అడిగాను.

"చెప్పలేం మేడమ్. ఈ ఎండలకు బొచ్చున్నవీ పోతున్నాయి" అన్నాడు. నిజమే చెప్పాడో, నా ముఖం చూసి అలా అన్నాడో తెలియదు.

ఆటో అతనే గడ్డపార అడిగి తెచ్చి మా పెరట్లో గొయ్యి తవ్వాడు. వానలు లేక నేల రాయిలా ఉంది, మోకాటి లోతుకు గంట పట్టింది. నాయన గడప దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డాడు. మట్టి కప్పడం అయ్యాక, "నేనే సంపినా పాపా" అన్నాడు.

కాదు నాయనా అని నేను ఆ క్షణమే అనాల్సింది. చేతులకు అంటిన మట్టి వైపు చూస్తూ నిలబడిపోయాను. లోపల ఎక్కడో, అవును అనే మాట కూడా కదిలిందేమో. నేను "కాదు" అని తల ఎత్తేసరికి గడపలో ఎవరూ లేరు.

వానాకాలంలో ఆయనకు ఆయాసం మరీ ఎక్కువైంది. వేరే ఆసుపత్రిలో స్కాన్ తీయించాం. నాయన్ను బయట కూర్చోబెట్టి డాక్టర్ నాతో మాట్లాడాడు. ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి, వెనక్కి వచ్చేది లేదు అన్నాడు. కుక్క బొచ్చు వల్లనా అని అడిగాను.

"అది కాస్త ఇబ్బంది పెట్టి ఉండొచ్చు. కానీ ఇది ఏళ్ల తరబడి వచ్చిన జబ్బు. కుక్క ఉన్నా లేకున్నా ఇంతేనమ్మా."

ఈ మాట నాయనకు చెప్పాలా వద్దా అని వారం తన్నుకులాడాను. ఒకసారి చెప్పకుండా ఉన్నందుకు ఏం జరిగిందో చూశాను కదా. చెప్పడమే మంచిదనుకున్నాను. ఆయన మనసు కొంచెం తేలికపడుతుందనీ అనుకున్నాను. ఒక ఆదివారం మజ్జిగ ఇచ్చి, పక్కన కూర్చుని చెప్పాను. బొచ్చు వల్ల కాదట నాయనా, దానివల్ల ఏమీ కాలేదట అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"అయితే ఊరికే గొరిగినా" అన్నాడు.

నా కోసం గొరిగావు, నేను ఏడ్చినందుకు గొరిగావు అని చెప్పొచ్చు. అది ఆయనకు తెలియనిదేం కాదు. నాకూ తెలుసు.

ఇప్పుడు నాయన మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఉంది. నేను కాలేజీ నుంచి వచ్చి తిన్యావా అని అడిగితే తల ఊపుతాడు. మాట్లాడమంటే, ఊపిరి తీసుకోవడానికే సరిపోతాంది పాపా అంటాడు. అది నిజమే అయి ఉండొచ్చు.