గీజరుకు బిగించిన బోల్టు

గచ్చిబౌలిలో మేం కిరాయికి ఉన్న ఫ్లాటు ఓనరు సరిగ్గా మా పైఅంతస్తులోనే ఉండేవాడు. నలభై దాటి ఉండవు. పెద్ద ఐటీ కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఇల్లు చూపించిన రోజు హాలూ వంటగదీ అయిదు నిమిషాల్లో ముగించి, బాత్రూంలో మాత్రం మమ్మల్ని పావుగంట నిలబెట్టాడు. గోడమీద తెల్లటి గీజరు. దాన్ని అరచేత్తో తట్టి, "దీనికి ఇంతవరకు మెకానిక్ చెయ్యి తగల్లేదండి. అంతా నేనే చూసుకుంటాను. మూడొందల మంది టీమ్‌ను నడిపేవాడికి ఇదో లెక్కా?" అన్నాడు.

మా ఆయన మెచ్చుకోలుగా తలూపారు. ఆయన స్కూలు టీచరు. ఎదుటివాళ్లు ఏం చెప్పినా తలూపడం ఆయనకు అలవాటు.

మా బ్లాకుకు బోరు నీళ్లే గతి. బకెట్లో రెండు రోజులు నిలవుంటే అంచున తెల్లటి చార కట్టే నీళ్లు. అలాంటి నీళ్లు కాచే గీజరును ఏడాదికోసారైనా విప్పి కడిగించాలి. అందుకే అడిగాను, "చివరిసారి సర్వీసు ఎప్పుడు చేయించారండీ?" అని.

"సిస్టర్ గారూ, మంచి బ్రాండుకు సర్వీసు అక్కర్లేదండి. సర్వీసు అనేది మెకానిక్‌ల బిజినెస్ మోడల్," అన్నాడు. తన మాట తనకే నచ్చి నవ్వుకున్నాడు.

నేను నర్సును. పన్నెండేళ్లుగా ఆపరేషన్ థియేటర్లో పని. కత్తులూ కత్తెరలూ ఆవిరితో శుద్ధిచేసే పెద్ద యంత్రం మా చేతిలోనే ఉంటుంది. పొద్దున్నే దాని సేఫ్టీ వాల్వు పనిచేస్తోందో లేదో చూడకుండా స్విచ్ వెయ్యం. ఆ సంగతి అతను అడగలేదు. అడగడమన్నది అతని ఒంట్లోనే లేదు.

చలికాలం మొదలవగానే గీజరు లోపల రాళ్లు ఉడుకుతున్నట్టు చప్పుడు మొదలైంది. చెబితే టూల్‌బాక్సు పట్టుకుని దిగాడు. అందులో సగం పనిముట్లకు ఇంకా ప్లాస్టిక్ కవరు తియ్యలేదు. "ఇంజినీరింగ్ మీకు కాస్త కష్టమండి, సింపుల్‌గా చెప్తాను," అంటూ టైల్స్ మీద వేలితో గీతలు గీసి అరగంట పాఠం చెప్పాడు. తర్వాత టెస్టరు పెట్టి, లైటు వెలిగిందని చూపించి, "సౌండ్ అనేది నార్మల్ బిహేవియర్," అని తేల్చేశాడు. బాక్సులోంచి స్క్రూడ్రైవరు బయటికి తియ్యనే లేదు.

ఇక్కడ నా తప్పూ ఉంది. ఆసుపత్రిలో రోజూ వాల్వు చూసే మనిషిని, ఇంట్లో గీజరు వెనకాల పైపు ఎలా ఉందో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

జనవరిలో ఒకరోజు పొద్దున్న మా ఆయన బకెట్ పెట్టి వేడినీళ్ల కుళాయి తిప్పారు. మామూలు ధార రాలేదు. బుస్సుమంటూ ఆవిరి, దాంతోపాటు తుప్పురంగు నీళ్లు ఎగజిమ్మాయి. ఆయన కేకకు నేను పరుగెత్తాను. ముందు స్విచ్ కట్టేసి, ఆయన్ని వంటగదిలోకి లాక్కెళ్లి చెయ్యి చన్నీళ్ల కింద పెట్టాను. మణికట్టు దాకా కందిపోయింది. ఇరవై నిమిషాలు అలాగే పట్టుకుని నిలబడ్డాను. ఆ ఇరవై నిమిషాల్లో ఆయన అన్న మాట ఒక్కటే: "ఓనరుతో గొడవ పెట్టుకోకు."

చెయ్యి కాలినందుకు జాలిపడ్డాను. ఆ మాటకు మాత్రం పడలేదు.

మా ఆసుపత్రిలో బాయిలరు చూసే పెద్దాయన ఒకాయన ఉన్నాడు. బాలానగర్‌లో ట్యాంకులు చేసే వర్క్‌షాపులో సగం జీవితం గడిపిన మనిషి. విషయం చెబితే, సాయంత్రం డ్యూటీ అయ్యాక లింగంపల్లిలోని తన ఇంటికి పోకుండా నేరుగా మా ఇంటికి వచ్చాడు. స్టూలెక్కి గీజరు వెనక టార్చి వేశాడు.

"అమ్మా, గిది ఎవలు చేసిన్రు?"

నేనూ ఎక్కి చూశాను. చన్నీళ్లు లోపలికి పోయే చోట సేఫ్టీ వాల్వు. దాని రంధ్రంలో ఒక బోల్టు దూర్చి బిగించి ఉంది. పైన లీకులకు పూసే తెల్లటి ముద్ద మెత్తారు.

"నీళ్లు కాగితే ఉబ్బుతయి. ఆ ఉబ్బు పోనీకే ఈ రంధ్రం. జర చుక్కలు పడుడు దాని పనే. చుక్కలు పడుతున్నయని మూసేసిన్రు," అన్నాడు. మూత విప్పాడు. మితిమీరి కాగితే కరెంటు ఆపే చిన్న భాగాన్ని పీకేసి, రెండు వైర్లూ కలిపి టేపు చుట్టి ఉంది. "మాటిమాటికి కరెంటు ఆపుతున్నదని గిదిగూడ తీసేసిన్రు. ఇగ దీన్ని ఆపేటోడే లేడు."

"పేలితే?"

"గోడ ఉంటదా అని అడుగున్రి."

పెద్దాయన బయటికి లాగిన, నీళ్లు కాచే ఎలిమెంటు సున్నంలో ముంచి తీసినట్టుంది. ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడే రాడ్డు అరిగి అరిగి తీగ మాత్రం మిగిలింది. ఎవరు చేశారో చెప్పడానికి నేను వేలితో పైకప్పు చూపించాను. ఆయన చూపు పైకి పోయి అక్కడే ఆగింది.

"వాళ్లింట్ల గూడ గీజరున్నదా?"

ఇద్దరం మెట్లెక్కాం. లిఫ్టు కోసం ఆగలేదు.

ఓనరు వాళ్లమ్మ తలుపు తీశారు. భుజాన తువ్వాలుంది. "దీపం పెట్టేముందు స్నానం చేద్దామని నీళ్లు పెట్టానమ్మా," అన్నారు. హాల్లో ఆ కొడుకు చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని మీటింగులో ఉన్నాడు. మా వంక చూడకుండానే ఆగమన్నట్టు ఒక వేలెత్తాడు. నేను ఆ వేలును దాటుకుని బాత్రూంలోకి వెళ్లి స్విచ్ కట్టేశాను. పెద్దాయన దూరంగా నిలబడి కుళాయి కొంచెం కొంచెంగా తిప్పాడు. అక్కడా బుస్సుమని ఆవిరే. వెనకాల అలాంటి బోల్టే, పైన అలాంటి ముద్దే.

అప్పుడొచ్చాడు ఓనరు. "ఎక్స్‌క్యూజ్ మీ, ఏంటండీ ఇది? నేను క్లయింట్ కాల్‌లో ఉన్నాను."

"సార్, ఈ బోల్టు ఎందుకు కొట్టిన్రు?" అడిగాడు పెద్దాయన.

"లీకేజీ అండి అది. టైల్స్ మీద మరకలు పడుతుంటే పర్మనెంట్ సొల్యూషన్ ఇచ్చాను."

పెద్దాయన ఆ సొల్యూషన్ సంగతి రెండే మాటల్లో చెప్పాడు. ఓనరు "థియరిటికల్‌గా" అని మొదలుపెట్టి, హెడ్‌సెట్ మెడలోకి జార్చుకున్నాడు. వాళ్లమ్మ అతని వంక చూశారు.

"నువ్వే బిగించావా నాన్నా?"

"నేను కాదమ్మా. ఎవడో ప్లంబరు."

అప్పటిదాకా అతన్ని గొప్పలు చెప్పుకునే మనిషి అనుకున్నానంతే. అలాంటివాళ్లను రోజూ పదిమందిని చూస్తాం, నవ్వుకుని వదిలేస్తాం. కన్నతల్లిని ఏళ్లపాటు బాంబు కింద స్నానం చేయించి, అది తెలిసిన క్షణంలో కూడా ఆవిడ గురించి కాక తన పేరు గురించి ఆలోచించిన మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు.

"మెకానిక్ చెయ్యే తగల్లేదన్నారు కదండీ. మరి ఆ ప్లంబరు ఎవరు?" అన్నాను.

క్లయింట్ ఎదురుచూస్తున్నాడని హెడ్‌సెట్ తగిలించుకుని లోపలికి పోయాడు.

ఆ ఆదివారం రెండిళ్లలోనూ కొత్త గీజర్లు పెట్టించాడు. పెట్టింది పెద్దాయనే. ఆయన గోడకు రంధ్రాలు వేస్తుంటే ఓనరు ఫోన్లో ఏదో యాప్ తెరిచి పక్కన నిలబడి, "ఎడమవైపు రెండు మిల్లీమీటర్లు పైకండి," అంటూ సలహాలిచ్చాడు. పెద్దాయన "సరే సార్" అంటూ తన కొలత ప్రకారమే బిగించుకుపోయాడు. వాల్వుకు సన్నటి పైపు తగిలించి, చుక్కలు నేరుగా నేలమీద నీళ్లు పోయే జాలీలోకి పడేట్టు వదిలాడు. రెండు నిమిషాల పని. టైల్స్ మీద మరక పడదు. ఏడాదికోసారి ట్యాంకు కడిగించి రాడ్డు చూపించుకోమని నాకు చెప్పాడు, ఓనరుకు చెప్పలేదు.

వారం తిరక్కుండా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఓనరు పెద్ద మెసేజ్ పెట్టాడు. గీజరు వాడేటప్పుడు తీసుకోవాల్సిన పది జాగ్రత్తలు. సేఫ్టీ వాల్వును ఎట్టి పరిస్థితుల్లోనూ మూయరాదట, తన పరిశీలనలో తేలిందట. కింద బారులు తీరి చప్పట్ల బొమ్మలు. వాటిలో ఒకటి మా ఆయనది. కట్టు కట్టిన చేత్తోనే నొక్కారు. ఆ రోజు నేను ఆయనతో మాట్లాడలేదు.

మరుసటి చలికాలం పైనుంచి పెద్దావిడ మెల్లగా మెట్లు దిగివచ్చి, బాయిలరు పెద్దాయన నంబరు రాసివ్వమని చిన్న కాగితం చాచారు. కొడుకు ఆఫీసుకు వెళ్లిన టైములో పిలిపించి గీజరు కడిగించుకుంటారట.

"మావాడితో అనకమ్మా. చిన్నబుచ్చుకుంటాడు."

అననని మాటిచ్చాను. ఆ ఫ్లాటు ఖాళీ చేసేదాకా ఆ మాట నిలబెట్టుకున్నాను. లిఫ్టులో అతను ఎదురైన ప్రతిసారీ మాత్రం నోరు దురద పెట్టేది.