అమ్మకానికి వేసిన రంగు

ఇల్లు అమ్ముతున్నామని ఎదురింటి అక్కకు చెప్పే ధైర్యం లేక, క్రిస్మస్‌కు రంగులు వేసుకుంటున్నామని అబద్ధం చెప్పాను. నోటికొచ్చిన మొదటి అబద్ధం అది. మా క్రైస్తవుల ఇళ్ళల్లో డిసెంబరు వచ్చిందంటే గోడలకు సున్నమో రంగో పడాల్సిందే కాబట్టి ఎవరైనా నమ్ముతారు. నమ్మి ఊరుకుంటే నాకే గొడవా ఉండేది కాదు. ఆవిడ "పండుగ పని ఒక్కదానివి ఏం జేస్తవ్ చెల్లె, నేనొస్త తియ్" అంటూ కొంగు దోపుకుని మా ఇంట్లోకి వచ్చేసింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. మియాపూర్‌లో మూడో అంతస్తులో మా ఫ్లాటు. మా ఆయనకు హైటెక్ సిటీలో ఉద్యోగం, నేను బాచుపల్లిలో ఒక బడిలో లెక్కల టీచర్ని. మాది గుంటూరు వైపు. అక్కడి నుంచి మా బావగారు రోజూ ఫోన్ చేసి ఒకటే పాట. రాష్ట్రం విడిపోతే ఆ ఫ్లాటు కాణీకి కూడా కొనేవాడుండడు, ఇప్పుడే అమ్మేసి చెన్నైకి బదిలీ పెట్టుకోండి అని. విని విని మా ఆయన మెత్తబడ్డారు. నాకు మాత్రం వెళ్ళాలని లేదు. పెళ్ళయ్యాక అన్నీ అద్దె కొంపలే. మేకు కొట్టాలంటే ఇంకొకరి అనుమతి అడగక్కర్లేని గోడ నాకు దొరికింది ఇక్కడే. ఆ మాటే అంటే "సెంటిమెంట్లు కూడు పెడతాయా?" అన్నారు. నేను నోరు మూసుకున్నాను. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని విద్య. అందుకే ఆ వారమంతా మా వంటింట్లో గిన్నెలు నా బదులు మాట్లాడాయి.

బ్రోకరు వచ్చి ఇల్లంతా తిరిగి చూసి హుకుములు జారీ చేశాడు. అన్ని గోడలకూ క్రీమ్ రంగు పడాలి. పిల్లల గీతలు కనపడకూడదు. కుక్క అసలే కనపడకూడదు. గుమ్మం మీద ఉన్న బైబిల్ వాక్యం బోర్డు తీసేయాలి. "వచ్చినవాళ్ళకి ఇది వాళ్ళ ఇల్లు అనిపించాలి మేడం, మీ ఇల్లు అనిపించకూడదు" అన్నాడు. ఆదివారం పొద్దున పది గంటలకు కొనే పార్టీ వస్తుందన్నాడు. సరిగ్గా మా చర్చిలో ఆరాధన టైమది. వాడి నెత్తిన ఏదైనా పడేయాలనిపించింది. కుర్చీ ఎక్కి బోర్డు దింపి, పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాను.

పెయింటరు బుధవారం వచ్చి గోడ గుంటలకు లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, మర్నాడు వస్తానని వెళ్ళాడు. మర్నాడు బంద్. "బండ్లు నడుస్తలెవ్వు మేడం, గంత దూరం నడిచి రావాల్నా?" అని ఫోన్‌లో అడిగాడు. ఆ తర్వాత రోజూ బందే అన్నారు. బడులు మూశారు. మా ఆయన ఆఫీసుకు మాత్రం బంద్ లేదు. తెల్లారకముందే కారొచ్చి ఎక్కించుకుపోయేది. ఇక ఇంట్లో మిగిలింది నేను, రెండు డబ్బాల రంగు, ఎనిమిదేళ్ళ కూతురు, నాలుగేళ్ళు నిండని కొడుకు, కుక్క.

ఆ కుక్క మా అమ్మాయి హఫీజ్‌పేట్ స్టేషన్ బయట ఎత్తుకొచ్చిన వీధికుక్క. దానికి కొత్త మనిషి కనపడినా, పాత మనిషి కనపడినా, ఆఖరికి చీపురు కనపడినా సంతోషమే. సంతోషం వస్తే తోక ఊపుతుంది. తడి గోడ పక్కన నిలబడి ఊపింది. గోడకు బొచ్చు, కుక్కకు రంగు. దాన్ని బాల్కనీలోకి తోసి వచ్చేసరికి మావాడు రెండు చేతులూ డబ్బాలో ముంచి ఫ్రిజ్ తలుపు మీద వేస్తున్నాడు. "ఇది కూడా తెల్లగానే ఉంది కదమ్మా" అని వాడి వాదన. వీపు మీద ఒక్కటిచ్చాను. ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది. వాడి చేతులు కడుగుతూ ఉంటే మా అమ్మాయి తలుపు దగ్గరగా వేసి, "ఎదురింటి పెద్దమ్మకు అబద్ధం ఎందుకు చెప్పావు? నువ్వే కదా అబద్ధం పాపం అంటావు" అని నిలదీసింది. "నోర్ముయ్" అన్నాను.

అక్క వాళ్ళాయన మియాపూర్ డిపోలో డ్రైవరు. బస్సులు ఆగిపోయాయి కనుక ఆయన ఇంట్లోనే ఉండేవాడు, అక్క మాత్రం ఉండేది కాదు. పొద్దున్నే వాడలోని ఆడవాళ్ళతో కలిసి వంటావార్పుకు పోయేది. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, వండి, అక్కడే అందరూ కూర్చుని తిని నిరసన చెప్పడం. మధ్యాహ్నానికి గొంతు బొంగురుపోయి, టిఫిన్ డబ్బాలో అక్కడి పులిహోర పట్టుకుని మా ఇంటికి వచ్చేది. "పోరగాండ్లకు పెట్టు, సల్లారుతది" అని డబ్బా నా చేతికిచ్చి రోలర్ అందుకునేది. పొద్దున తన రాష్ట్రం కోసం రోడ్డెక్కిన మనిషి, ఆ రాష్ట్రం వస్తుందన్న భయంతో మేం అమ్ముతున్న ఇంటికి మధ్యాహ్నం రంగు వేస్తోంది. రోజూ ఇవాళ చెప్పేద్దామనుకోవడం, రోజూ మింగేయడం.

"గట్ల గుద్దుతవేంది, గోడ మీద పగనా?" అని నా రోలర్ లాక్కుంది ఒకసారి. "మీది నుంచి కిందికి ఒక్క తీరుగ గుంజాలె. నడిమిట్ల ఆపితె మచ్చ పడ్తది. మా నాయిన ఊళ్ళె సున్నాలేస్తుండె, నేను ఎంట పోతుంటి." నిజంగానే ఆవిడ వేసిన గోడ నున్నగా ఉంది, నేను వేసిన గోడ దద్దుర్లు లేచినట్టుంది.

శుక్రవారం మావాడు చెప్పులతో రంగు తొక్కి హాలంతా తిరిగాడు. నేలంతా తుడిచేసరికి నా నడుం విరిగింది. ఒళ్ళు మండి అనేశాను. "మీ బందులు లేకపోతే ఆ పెయింటరు ఈపాటికి ముగించేవాడు. నాకీ ఖర్మ పట్టేదా!"

అక్క రోలర్‌ను బకెట్ మీద ఆనించింది. "మీ బందులు అనకు చెల్లె. నా బందు అను. పొద్దుగాల రోడ్డు మీద కూసున్నది నేనే. తిట్టేదుంటె నన్ను తిట్టు."

నాకు సిగ్గేసింది. క్షమించమని అడగాలి కదా, అడగలేదు. చీపురందుకుని ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చాను. ఆవిడే "ఇగ ఆ డబ్బ ఇటు జరుపు" అంది.

శనివారం సాయంత్రానికి వంటిల్లు తప్ప అన్నీ అయ్యాయి. చివరగా వీధి గుమ్మం చుట్టూ నేను బ్రష్‌తో అంచులు దిద్దుతున్నాను. స్టూలు పట్టుకుని కింద నిలబడ్డ అక్క, మామూలుగా, ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

"మంచిగ పుయ్యి చెల్లె. రేపు కొననీకొచ్చేటోల్లు ముందుగాల గీ గుమ్మమే సూస్తరు."

స్టూలు మీంచి కిందికి వంగాను. "నీకెవరు చెప్పారక్కా?"

"ఎవలు జెప్పాలె? నాలుగేండ్ల సంది సూస్తున్న. పండుగకు రంగులేసినప్పుడల్లా గీ గుమ్మం మీది దేవుని మాటను ముందుగాల తుడిచి మల్ల ఎక్కిస్తవ్, అటెన్క గోడల కాడికి పోతవ్. ఈసారి గుమ్మం బోసిగున్నది. మొదటి దినమే సమజైంది."

"మరి అప్పుడే అడగొచ్చు కదా?"

"నువ్వే జెప్తవని సూసిన."

స్టూలు దిగి గడప మీద కూలబడ్డాను. "కోపం రాలేదా?" అని అడిగాను.

"రాదా? మస్తొచ్చింది. మూడు దినాల సంది కోపంతోనే పూస్తున్న. అందుకే పని గింత జల్ది అయింది." నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఉండిపొమ్మని ఒక్కమాట అంటే బాగుండునని ఆశపడ్డాను, సిగ్గు లేకుండా. అనలేదు. "నీ ఇల్లు, నీ ఇష్టం. గని పొమ్మన్నరని మాత్రం ఎవలకు జెప్పకు. నేనైతె పొమ్మనలే" అని చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది.

ఆదివారం కుక్కను అక్క వాళ్ళింట్లో ఉంచాం. పదింటికి బ్రోకరు ఒకాయన్ను వెంటబెట్టుకుని వచ్చాడు. అనంతపురం మనిషి, రేట్లు పడ్డప్పుడే కొనేయాలన్న హుషారులో ఉన్నాడు. గోడలు తట్టి చూసి, "ఇల్లు శానా బాగుంది సార్" అన్నాడు. మా ఆయన ముఖం విప్పారింది. వెళ్ళబోతూ ఆ అనంతపురం ఆయన, ఎదురు గుమ్మంలో కుక్క మెడ పట్టుకుని నిలబడ్డ అక్కను చూసి ఆగాడు. "ఏమ్మా, ఈడ మాలాంటోళ్ళకి ఇబ్బంది ఏమన్నా ఉంటాదా? నిజం చెప్పల్ల."

"నన్ను అడుగుతుండ్రేంది సార్? నాలుగేండ్లు ఉన్నది ఆమె. ఆమెనే అడుగుండ్రి."

ఆయన నా వైపు తిరిగాడు. మా వాడు పుట్టినప్పుడు ఆసుపత్రిలో మూడు రాత్రులు నా మంచం కింద చాప వేసుకుని పడుకున్న మనిషి ఎదురుగా నిలబడి ఉంది. "ఏ ఇబ్బందీ లేదండి" అన్నాను.

"మరి ఎందుకమ్మా అమ్ముతుండారు?"

చెన్నై బదిలీ అని చెప్పాలి. నాలుగు రోజులుగా అనుకుంటున్న మాటే. మా అమ్మాయి నా నోటి వంకే చూస్తోంది.

"అమ్మడం లేదండి" అన్నాను.

"మేడం జోక్ చేస్తున్నారు సార్" అని బ్రోకరు నవ్వబోయాడు.

"జోకేం కాదు. మూడు రోజులు మోకాళ్ళు పడిపోయేలా రంగులేశాను. మేం ఉండడానికే వేసుకున్నాం. మీరు దయచేయండి." అక్క గిరుక్కున తిరిగి కుక్కను లాక్కుని లోపలికి పోయింది.

వాళ్ళు గేటు దాటేదాకా మా ఆయన కిటికీలోంచి చూశారు. తిడతారనుకున్నాను. తిడితే నాలుగు అనడానికి సిద్ధంగానే ఉన్నాను. "అన్నయ్యకేం చెప్పమంటావు?" అన్నారు చివరికి. "నేను చెప్తాను, ఫోన్ ఇవ్వండి" అన్నాను. ఫోన్ ఇవ్వలేదు. చొక్కా విప్పి కుర్చీ మీద వేసి, వంటింట్లోకి తొంగిచూసి, "దీనికి ఒక పూతా, రెండా?" అని అడిగారు.

రంగు కలుపుతున్నాం. కుక్కను తీసుకురావడానికి వెళ్ళిన అమ్మాయి ఒట్టి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, పెద్దమ్మ కుక్కను పట్టుకుని ఏడుస్తోంది. ఎంతకీ ఆపట్లేదు" అంది. మేం వెళ్ళిపోతున్నామని తెలిసిన అన్ని రోజులూ ఆవిడ కంట ఒక్క చుక్క రాలేదు.