మా అక్కకు మొదటి టూరిస్టును నేనే

మొన్న హైదరాబాదులో ఒక ప్రదర్శనలో అడవి సరుకులు అమ్మే బల్లల మధ్య నడుస్తుంటే, ఒకావిడ ఎండిన ఇప్పపూల సంచి మూతి విప్పింది. తీపి, దాని వెనకే కొంచెం పులుపు కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే నా కాళ్ళు ఆగిపోయాయి. వెనక వచ్చేవాళ్ళు నన్ను తప్పించుకుని పోతున్నారు. నాకు మాత్రం చంద్రపూర్ అడవిలో ఒక వేసవి ఉదయం, ఎండుటాకుల మీద అడుగుల చప్పుడు, నా మణికట్టును గట్టిగా పట్టుకున్న మా అక్క చెయ్యి గుర్తుకొచ్చాయి. ఆ చెయ్యి పట్టు తెలియనివాళ్ళకు ఆమె గురించి చెప్పాలని అప్పుడే అనిపించింది.

అక్క పేరు సరోజ. నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. మా నాన్న మంచిర్యాల వైపు నుంచి బొగ్గు గని పనికి మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న భద్రావతి వచ్చి అక్కడే ఉండిపోయాడు. మేమిద్దరం గని క్వార్టర్లలో పుట్టి, మరాఠీ బడిలో చదువుకున్నాం. తెలుగు మాకు ఇంట్లో మాట్లాడుకునే భాషే తప్ప చదివే భాష కాదు. అక్షరాలు నేను పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను. చిన్నప్పుడు ఒక ఇంజనీరు గారింటికి అమ్మ నన్ను పేరంటానికి తీసుకెళ్తే, కోస్తా నుంచి కొత్తగా వచ్చిన ఆ ఇంటి పిల్లలు నా తెలుగు విని పడీ పడీ నవ్వారు. బడిలోనేమో నా మరాఠీకి నవ్వేవాళ్ళు. అందుకని కొత్తవాళ్ళ ముందు నోరు విప్పడమే మానేశాను. రెండు భాషలు వచ్చిన మూగదాన్ని.

అక్క నాకు పూర్తిగా వ్యతిరేకం. రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళ ఇంటి సంగతులన్నీ దిగేలోపే తెలుసుకునేది. డిగ్రీ అయిపోయిన ఏడాది, పులుల అడవికి వచ్చే యాత్రికులకు గైడ్లుగా చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలకు శిక్షణ ఇస్తున్నారని విని, ఇంట్లో చెప్పకుండా పేరు ఇచ్చి వచ్చింది. నాన్న విని వద్దన్నాడు. భూమి లోపలికి దిగి పనిచేసే మనిషి, పులి మాట వినేసరికి భయపడ్డాడు. చివరికి ఒప్పందం కుదిరింది. శిక్షణ చివర పెట్టే పరీక్షలో నెగ్గితే అక్క ఇష్టం. నెగ్గకపోతే నాగపూర్‌లో బాబాయి ఇంట్లో ఉండి కంప్యూటర్ కోర్సు చేయాలి.

నాకు అప్పుడే పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. అక్క పరీక్షలో అడవితోపాటు చంద్రపూర్ ఊళ్ళోని పాత కట్టడాలూ, వస్తువులూ చూపించాల్సి ఉంటుందట. అక్క నాన్న స్కూటరు బయటికి తీసి, నన్ను వెనక ఎక్కమంది. "నేను గైడును, నువ్వు టూరిస్టువు. నీకేం తెల్వదు, గదీ నీ పని" అంది. ఆ పని నాకు బాగానే నచ్చింది. పుట్టినప్పటి నుంచీ చంద్రపూర్ బజారుకు పోతున్నదాన్నే అయినా, ఆ రోజు ఏదో దూరదేశానికి బయలుదేరినట్టు జడకు కొత్త రిబ్బను కట్టుకున్నాను.

ముందు గోండు రాజుల కోట గోడ దగ్గరికి వెళ్ళాం. అక్క దర్వాజా కింద నిటారుగా నిలబడి, ఏ రాజు మొదలుపెట్టాడో, ఏ రాజు ముగించాడో గుక్క తిప్పుకోకుండా చెప్పింది. తర్వాత ఒక రాణి తన భర్త కోసం కట్టించిన సమాధి దగ్గరా అంతే. నేను అక్కడి చల్లటి రాతి మీద కూర్చుని ఆవలించాను. ఎట్లుందని అడిగింది. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టుందని చెప్పేశాను. కోపం వస్తుందేమోననుకున్నాను. అక్క నా పక్కనే కూలబడి, గోళ్ళు కొరుక్కుంటూ కాసేపు ఆలోచించింది. తర్వాత స్కూటరు మళ్ళీ ఆ దర్వాజా దగ్గరికే తిప్పింది. ఈసారి తను మాట్లాడలేదు. నీకేం కనబడుతుందో నువ్వే చెప్పు అంది.

నేను తల ఎత్తి చూశాను. రాతిలో చెక్కిన సింహం, దాని పంజా కింద ఏనుగు. ఆ ఏనుగు కుందేలంత ఉంది. ఎన్నేళ్ళుగా దాని కిందినుంచి ఆటోల్లో పోయానో, ఒక్కసారీ చూడలేదు. అంత పెద్ద ఏనుగును అంత చిన్నగా ఎందుకు చెక్కారని అడిగాను. అక్క ముఖం వెలిగిపోయింది. ఇక ఆ రోజంతా ఇద్దరం మాటల మీద మాటలు. ఆ సింహం సంగతి, దాన్ని చెక్కినవాళ్ళు నిజం ఏనుగును చూశారా లేదా అన్న సంగతి, చెరకురసం బండి దగ్గర నిలబడి తాగుతూ కూడా ఆ మాటలు ఆపలేదు. ముందు చూపించాలి, ఆ తర్వాతే చెప్పాలి అన్న పద్ధతి అక్కకు ఆ సాయంత్రం దొరికింది.

ఆ మరుసటి వారమే అడవి నడక. బఫర్ అని పిలిచే బయటి అడవిలో, శిక్షణ తీసుకునేవాళ్ళు ఇంటివాళ్ళను ఒకరిని తెచ్చుకోవచ్చన్నారు. ముందు కర్ర పట్టుకుని ఒక ఫారెస్టు గార్డు, వెనక అక్క, ఆ వెనక నేను. వెదురు పొదలు దాటేసరికి ఇప్పచెట్ల కింద నేల కనబడకుండా పూలు రాలి ఉన్నాయి. నేను వంగి ఒక పువ్వు తీసుకోబోతుంటే అక్క నా మణికట్టు పట్టుకుంది. కొంచెం దూరంలో నల్లటి మూట ఒకటి కదిలింది. ఎలుగుబంటి. వీపు మీద పిల్ల. అది పూలు ఏరుకుని తింటూ, పెద్దగా గుర్రుమంటూ, మా వైపే వస్తోంది.

గార్డు చెయ్యి వెనక్కి చాపి ఆగమన్నాడు. నాకు పరుగెత్తాలని ఉంది. అక్క చెయ్యి మాత్రం వదలలేదు. ఎలుగు తల ఎత్తింది. గాలిలో ముక్కు అటూ ఇటూ ఆడించింది. వీపు మీది పిల్ల కూడా అచ్చం తల్లిలాగే ముక్కు ఆడించింది. ఎంతసేపు అట్లా నిలబడ్డామో తెలియదు. చివరికి అది ఒక్కసారి బుస్సుమని, తిరిగి పొదల్లోకి పోయింది. మేం మెల్లగా వెనక్కి వెనక్కి నడిచి, దారి మీదికి వచ్చాక, నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా నవ్వాను. అక్క కూడా. ఇద్దరికీ కడుపు నొప్పి వచ్చేంత నవ్వు.

"భయమైందా?" అని అడిగింది.

అయిందన్నాను.

"నాకు సుత అయింది. భయమైతే కానియ్యి, నువ్వు కండ్లు మూసుకోలే. పిల్లను చూసినవ్ గదా? గట్లనే ఉండాలె."

పరీక్ష రోజు చైత్రమాసం జాతరలో పడింది. అక్కకు తోడుగా నేనూ చంద్రపూర్ వెళ్ళాను. ఊరంతా మహాకాళి అమ్మవారి భక్తులే. పాత విగ్రహాలు, శిలాజాలు, గోండుల వస్తువులు పెట్టిన మ్యూజియంలో అభ్యర్థులు వరసగా నిలబడ్డారు. లోపలికి ఏ గుంపు వస్తే ఆ గుంపుకు ఒకరు చూపించాలి. మార్కులు వేసే అధికారి వెనకాలే నడుస్తాడు. అక్క వంతుకు వచ్చింది ఆసిఫాబాద్ వైపు నుంచి జాతరకొచ్చిన ఆడవాళ్ళ గుంపు. నుదుట పసుపు, చంకలో మూటలు. ఫ్యాను కింద కాసేపు కూర్చుందామని వచ్చినవాళ్ళు. వాళ్ళకు మరాఠీ ముక్క రాదు. అధికారికి తెలుగు రాదు. ఇంకో గుంపు వచ్చేదాకా ఆగమని ఆయన మంచిగానే చెప్పాడు.

అక్క ఆ ఆడవాళ్ళ వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నేను తెలుగుల చెప్త. నువ్వు సాహెబ్‌కు మరాఠీల చెప్పు. నేను చెప్పిందే చెప్పు. ఏం కలపకు, ఏం ఇడవకు."

అక్క మొదటి మాట చెప్పి ఆగింది. నేను నోరు తెరిచాను, మాట రాలేదు. ఆమె పరీక్ష, నాగపూర్, నాన్న, అన్నీ ఆ మౌనంలోనే ఉన్నాయి. అయినా అక్క రెండో మాటకు పోలేదు. వెదురు పొదల దగ్గర నిలబడ్డంత నెమ్మదిగా నా కోసం నిలబడింది. నా మొదటి వాక్యం సగం తెలుగు, సగం మరాఠీగా బయటపడింది. అధికారి తల ఊపాడు. రెండోది తిన్నగా వచ్చింది.

రాయిగా మారిన చెట్టు మొద్దు దగ్గర అక్క వాళ్ళనే అడిగింది, మీకేం కనబడుతుందని. ఒక ముసలావిడ దగ్గరికి వంగి, గీతలు చూసి, గిది చెట్టే అంది. అవును, చెట్టే, ఎన్నో యుగాల కింద మట్టిలో కూరుకుపోయి మెల్లమెల్లగా రాయయిందని అక్క చెప్పింది. ఆవిడ ఆ మొద్దును అరచేత్తో నిమిరింది.

"మరి రాయయ్యేటప్పుడు దానికి నొప్పి అయ్యుంటదా బిడ్డా?"

అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. "నాకు తెల్వదవ్వా. ఎవరికన్న తెలుసో లేదో గది సుత తెల్వదు" అంది. నేను ఆ ప్రశ్నా, ఆ జవాబూ రెండూ ఉన్నవి ఉన్నట్టు మరాఠీలో చెప్పాను. అధికారి పెన్ను ఆపి ఆవిడ వైపు చూశాడు. అంతా అయ్యాక, వీళ్ళకు ఏది నచ్చిందో అడగమని నాతో అన్నాడు.

ఇప్పుడు నేను తెలుగులో మాట్లాడాలి. ఇంజనీరు గారింటి నవ్వు చెవుల్లో మోగింది. కళ్ళు దించుకుని, సాహెబ్ అడుగుతుండు, మీకు ఏది మంచిగనిపించింది అని అడిగాను. ముసలావిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"నువ్వు అచ్చం మా ఊరి పిల్ల లెక్కనే మాట్లాడుతున్నవ్. ఎవరి బిడ్డవే?"

ఆ మాటతో నా ఒళ్ళంతా ఎట్లా తేలికయిందో ఇన్నేళ్ళయినా చెప్పడం చేతకావడం లేదు. వాళ్ళ బస్సు కదిలేదాకా పక్కనే నడుస్తూ మాట్లాడుతూనే ఉన్నాను.

అక్క నెగ్గింది. నాన్న సంగతంతా విని, మొదట అడిగిన మాట, నన్నెప్పుడు తీసుకపోతవ్ అని. ఇప్పటికీ అక్క ఆ అడవిలోనే గైడు. సీజనులో ఫోనుకు దొరకదు. దొరికినప్పుడు గంట మాట్లాడుతుంది, అందులో మనుషుల సంగతులకంటే పులిపిల్లల సంగతులే ఎక్కువ.

నేను ఇక్కడ హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో, సరిహద్దు దాటి వచ్చే మరాఠీ రోగులకు డాక్టర్ల మాట, డాక్టర్లకు వాళ్ళ మాట చెప్పే పని చేస్తున్నాను. ఒక్కోసారి డాక్టరు "ఇప్పుడే చెప్పలేం" అంటారు. ఆశ కలిపి చెబితే బాగుండునని నాలుక లాగుతుంది. కలపను. రోగి భార్య పల్లెటూరి మాటలో పిచ్చిదనిపించే ప్రశ్న అడుగుతుంది. దాన్నీ వదలను. ఇద్దరు కొత్తవాళ్ళ మధ్య నిలబడి నోరు తెరిచే ముందు నా గుండె ఇప్పటికీ దడదడలాడుతుంది. ఆ దడను నేను పోగొట్టుకోదలచుకోలేదు. అది ఉన్నంతసేపే ఎదుటి మనిషి ముఖం నాకు స్పష్టంగా కనబడుతుంది.